కంపెనీ ఆపేశాక ఆడేదెవరు?

(మహబూబ్‌నగర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం మినియేచర్ గేములు ఆడే మిత్రులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. మధ్యలో వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనవి ఉంచాం.)

అందరికీ నమస్కారం. వనపర్తి, గద్వాల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకు, నల్లగొండ నుంచి బండి మీద వచ్చిన ఇద్దరు తమ్ముళ్లకు ముందుగా థాంక్స్. మూడింటికి మొదలుపెడదామనుకున్నాం, మూడున్నర దాటింది. బల్లల మీద బొమ్మలు సర్దుకుని ఎదురుచూస్తున్నారు, ఎక్కువసేపు ఆపను.

నన్నెందుకు మాట్లాడమన్నారో మీకు తెలుసు. మనలో కొందరు ఆడే ఒక గేమ్ ఆగిపోతుందని పుకారు నడుస్తోంది. ఎదురుపడ్డవాళ్లంతా అడిగేది ఒకటే: "అన్నా, ఇగ అయిపోయినట్టేనా? ఉన్నయన్నీ అమ్మేసుకోవాల్నా?" ఆ గేమ్ పేరు నేను మైకులో చెప్పను. కంపెనీ ఏమీ ప్రకటించలేదు. నేను పేరు పెట్టి మాట్లాడితే, "పాలమూరు మీటింగుల గూడ అన్నరంట" అని రేపటికి ఇంకో పుకారు తయారవుతుంది. పుకారు గేమ్‌ని ఏం చేస్తుందో తర్వాత చెబుతాను. ముందు, నిజంగా ఆగిపోయిన గేముల సంగతి చూద్దాం. వాటికి ఏమైందో తెలిస్తే మనం ఎంత టెన్షన్ పడాలో తెలుస్తుంది.

పిల్లల వెంట వచ్చిన అమ్మానాన్నలు కొందరు వెనక కూర్చున్నారు. వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇవి చదరంగం లాంటివే, కానీ గళ్లుండవు. బొమ్మ ఎంత దూరం కదలాలో టేపు పెట్టి కొలుస్తాం. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. బొమ్మలు చాలావరకు ముక్కలుగా వస్తాయి, అతికించి రంగులు వేసుకోవాలి. ఆడటానికి మూడు కావాలి: బొమ్మలు, రూల్స్, ఎదురుగా ఒక మనిషి. మొదటి రెండూ కంపెనీ అమ్ముతుంది. మూడోది ఏ కంపెనీ అమ్మదు. నేను ఇవాళ చెప్పేదంతా ఆ మూడోదాని గురించే.

మనలో ఎక్కువమంది మొదలుపెట్టింది ఎక్స్‌-వింగ్‌తో. స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష ఓడల యుద్ధం. 2012లో అమెరికాలోని ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తెచ్చింది. ఓడలు రంగులు వేసే వస్తాయి, కొని పెట్టె తెరిచి ఆడుకోవడమే. మూడడుగుల చదరం చాలు. ఎటు తిరగాలో, ఎంత వేగంతో పోవాలో ఇద్దరూ డయల్ మీద రహస్యంగా పెట్టుకుంటారు, తర్వాత వంతు ప్రకారం తెరుస్తారు. వాడు ఎడమకు తిరుగుతాడని నువ్వు లెక్క వేస్తావు, వాడు తిరగడు, నీ ఓడ పోయి నీ ఓడనే గుద్దుకుంటుంది. (నవ్వులు) ఎవరి గురించో నేను చెప్పక్కర్లేదు.

2018లో రెండో ఎడిషన్ వచ్చింది. పాత ఓడలున్నవాళ్లు వాటికి కొత్త కార్డులు, డయల్స్ ఉన్న కన్వర్షన్ కిట్లు కొనుక్కోవాల్సి వచ్చింది. అప్పుడే కొందరు మానేశారు. 2020 నవంబర్‌లో గేమ్‌ని ఆటమిక్ మాస్ గేమ్స్‌కి మార్చారు. రెండు కంపెనీలూ ఆస్మోడే అనే పెద్ద సంస్థ కిందివే. 2022లో కొత్తవాళ్లు పాయింట్ల లెక్కనే తిరగరాశారు, ప్రతి ఓడకూ కొన్ని పాయింట్లుంటాయి, ఇద్దరూ సమాన పాయింట్లకు దళం కట్టుకుని ఆడతారు; ఆ 200 పాయింట్ల దళం కాస్తా 20 పాయింట్లైంది. మళ్లీ కొందరు మానేశారు. 2024 జూన్‌లో ఇక కొత్తగా ఏమీ రాదని కంపెనీ చెప్పేసింది. దాని తోబుట్టువు ఆర్మడాకి, 2015 నుంచి వస్తున్న పెద్ద ఓడల గేమ్‌కి, అదే ప్రకటనలో స్వస్తి పలికారు.

ఆ ప్రకటన తర్వాత ఏమైంది? మన ఇళ్లలోకి ఎవరూ వచ్చి ఓడలు ఎత్తుకుపోలేదు. ఎక్స్‌-వింగ్ అలయన్స్ అని ఆటగాళ్లే ఒక సంఘంగా ఏర్పడి పాయింట్లు, రూల్స్ చూసుకుంటున్నారు. టోర్నమెంట్లు నడుస్తున్నాయి. ఏ ఓడకు ఎన్ని పాయింట్లన్న లెక్క కంపెనీ ఆఫీసు నుంచి ఆటగాళ్ల చేతికి వచ్చింది.

ఇక కంపెనీలు ఎందుకు ఆపుతాయన్నది. నష్టం వస్తేనే ఆపుతారని మనం అనుకుంటాం. అన్నిసార్లూ అలా కాదు. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి. ఖర్చంతా ఆ అచ్చులోనే. అది తయారయ్యాక ఒక్కో బొమ్మకు పడే ప్లాస్టిక్ ఖర్చు చాలా తక్కువ. అంటే వేలల్లో అమ్మితేనే అచ్చు ఖర్చు తిరిగొస్తుంది. పైగా అచ్చు పెట్టే మెషీన్ ఒకటే, డిజైన్ చేసేవాళ్లు కొందరే, గోడౌన్‌లో చోటు కొంతే. "ఈ గేమ్ లాభంలో ఉందా?" అని కంపెనీ అడగదు. "ఇదే మెషీన్, ఇదే మనుషులు వేరే గేమ్ మీద పెడితే ఇంకెంత వస్తుంది?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గర చిన్న గేములు ఓడిపోతాయి. ఆటమిక్ మాస్ చేతిలో మార్వెల్ క్రైసిస్ ప్రోటోకాల్, స్టార్ వార్స్ లీజియన్, షాటర్‌పాయింట్ ఉన్నాయి. ఎటు మొగ్గుతారో ఊహించడానికి ఎంబీఏ అక్కర్లేదు.

అదీగాక ఓడల గేమ్‌కి ఒక హద్దుంటుంది. సినిమాల్లో పేరున్న ఓడలన్నీ వచ్చేశాక ఇంకేం అమ్ముతారు? ఆడేవాడికి ఒక రకం ఓడ మూడు నాలుగు చాలు. ఇది నా అభిప్రాయం, కంపెనీ చెప్పిన మాట కాదు.

ఇంకో చిక్కు లైసెన్స్. స్టార్ వార్స్ డిస్నీ కింద ఉన్న లూకాస్‌ఫిల్మ్‌ది. మేం చేయలేం, మీరు చేసుకోండి అని ఆటమిక్ మాస్ తనంతట తాను ఇంకో కంపెనీకి ఇచ్చేయలేదు. సొంత కథ, సొంత లోకం ఉన్న గేమ్ సంగతి వేరు. ప్రైవెటీర్ ప్రెస్ 2003లో మొదలుపెట్టిన వార్‌మెషీన్‌ని 2024లో స్టీమ్‌ఫోర్జ్డ్ గేమ్స్‌కి అమ్మేసింది. గేమ్ ఇల్లు మారింది, ఆగలేదు. తమాషా ఏంటంటే, అదే స్టీమ్‌ఫోర్జ్డ్ తన సొంత గేమ్ గిల్డ్ బాల్‌ని 2020లో ఆపేసింది. సొంత బిడ్డను వదిలేసిన కంపెనీయే నాలుగేళ్లకు ఇంకొకరి బిడ్డను తెచ్చుకుంది. కంపెనీ ప్రేమ మీద ఆశలు పెట్టుకోవద్దని ఇందుకే అంటున్నా.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వార్‌హామర్ ఫాంటసీది. ఇంగ్లండ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ 1983లో తెచ్చిన గేమ్. ముప్పై ఏళ్లు నడిచింది. 2014, 15ల్లో ఆ కథాలోకం మొత్తం నాశనమయ్యేలా పుస్తకాలు వేసి, 2015 జూలైలో దాని బదులు ఏజ్ ఆఫ్ సిగ్మార్ దించారు. ఊరికే ఆపడం కాదు, లోకాన్నే పేల్చేశారు. కోపం పట్టలేక ఒకాయన తన డార్క్ ఎల్ఫ్ సైన్యానికి నిప్పు పెట్టి వీడియో తీశాడు. ఏళ్ల తరబడి కూర్చుని రంగులేసిన బొమ్మలు! ఇక్కడ బొమ్మలకు రంగులేసినవాళ్లకు ఆ మంట ఎక్కడ తగులుతుందో తెలుసు.

తర్వాత? పాత గేమ్‌లో సైనికులు వరసల్లో నిలబడాలి కాబట్టి బొమ్మ కింద పీటలా ఉండే చదరపు బేస్‌లు. కొత్తదానికి గుండ్రటివి. చాలామంది పాత బేస్‌లు కత్తిరించి గుండ్రటివి అతికించారు. టూంబ్ కింగ్స్, బ్రెటోనియా అనే రెండు సైన్యాల అమ్మకమే ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో వాటి ధరలు ఆకాశాన్నంటాయి. 2019 నవంబర్‌లో గేమ్స్ వర్క్‌షాప్ చల్లగా ఒక మాట చెప్పింది, ఆ పాత లోకం మళ్లీ వస్తుందని. 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో వచ్చింది. మొదటి పెద్ద పెట్టెలు ఏ సైన్యాలవో తెలుసా? బ్రెటోనియా, టూంబ్ కింగ్స్. బేస్‌లు మళ్లీ చదరం! తగలబెట్టినవాడూ నష్టపోయాడు, ఆకాశమంత ధర పెట్టి కొన్నవాడూ నష్టపోయాడు, బేస్‌లు కత్తిరించినవాడు మళ్లీ కత్తి పట్టుకున్నాడు. ఏమీ చేయకుండా అటక మీద పెట్టె పెట్టి, అప్పుడప్పుడూ దించి ఆడుకున్నవాడు హాయిగా ఉన్నాడు.

అన్నీ తిరిగొస్తాయని చెప్పడం లేదు. ఫ్రాన్స్‌లో రాకమ్ అనే కంపెనీ ఉండేది, చాలా అందమైన లోహపు బొమ్మలు చేసేది. 2010లో కంపెనీయే మునిగిపోయింది. అలాంటివీ ఉన్నాయి. హీరోస్కేప్ 2004లో వచ్చి 2010లో ఆగింది. 2022లో హాస్‌బ్రో ముందస్తుగా జనం దగ్గర డబ్బు సేకరించి మళ్లీ తెద్దామని చూసింది, చాలినంతమంది ముందుకు రాలేదు. పోయిందనుకున్నారు. 2024లో రెనెగేడ్ అనే వేరే కంపెనీ లైసెన్స్ తీసుకుని అమ్మింది. బాటిల్‌టెక్ ఇంకా పాతది, 1984. అప్పుడు దాని పేరు బాటిల్‌డ్రాయిడ్స్. డ్రాయిడ్ మాట మాది అని లూకాస్‌ఫిల్మ్ వాళ్లు అనేసరికి పేరు మార్చారు. 2001లో దాన్ని చేసిన ఫాసా కంపెనీ మూతపడింది. గేమ్ చేతులు మారుతూ కాటలిస్ట్ అనే కంపెనీ దగ్గరికి చేరింది. 2019లో కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో జనం దగ్గర డబ్బు సేకరిస్తే పాతికలక్షల డాలర్లు దాటింది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది బ్లడ్ బౌల్ కథ. ఫుట్‌బాల్, కుస్తీ కలిపి మరుగుజ్జులు, రాక్షసులు ఆడితే ఎలా ఉంటుందో అది. 1986లో మొదలైంది. గేమ్స్ వర్క్‌షాప్‌కి దాని మీద శ్రద్ధ పోయాక ఆటగాళ్లు తమ సంఘం ఒకటి పెట్టుకున్నారు. ఎవరు ఎవరి మీద గెలిచారో, ఎన్ని పాయింట్లు వచ్చాయో అంతా లెక్కలు రాశారు. రూల్స్‌లో లొసుగులుంటే సరిచేశారు. ప్రపంచ కప్ కూడా పెట్టారు. 2007లో నాటింగ్‌హామ్‌లో, 2011లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, 2015లో ఇటలీలోని లుక్కాలో. షాపులో పెట్టె దొరకని గేమ్‌కి ప్రపంచ కప్! వందల మంది వచ్చి ఆడారు. 2016 నవంబర్‌లో కంపెనీ కొత్త పెట్టె తెచ్చేసరికి కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ కొనేవాళ్లను అన్నేళ్లూ నిలబెట్టింది కంపెనీ కాదు.

ఇప్పుడు పుకారు దగ్గరికొద్దాం. ఎవరో అంటారు, ఈ గేమ్ పని అయిపోయిందట. కొత్తగా చేరదామనుకున్నవాడు ఆగుతాడు. పాతవాడు కొత్త పెట్టె కొనడం ఆపుతాడు. భయపడ్డవాడు సెకండ్‌హ్యాండ్‌లో సగం ధరకు పెడతాడు. అది చూసి ఇంకొకడు, చూశావా అమ్మేస్తున్నారు, నిజమే అంటాడు. హైదరాబాద్ షాపువాడు ఆర్డర్ తగ్గిస్తాడు. కంపెనీ కూర్చుని లెక్కలు చూసుకుంటే అమ్మకాలు పడిపోయి ఉంటాయి. అప్పుడు నిజంగానే ఆపుతుంది. మొదట పుకారు పుట్టించినవాడు "నేను ముందే చెప్పిన" అని కాలర్ ఎగరేస్తాడు. పాలమూరులో మనం పది పెట్టెలు కొన్నా మానినా అమెరికా లెక్కలు మారవు, ఒప్పుకుంటా. కానీ మన ఊళ్లో గేమ్ ఉండటం, పోవడం మాత్రం పూర్తిగా మన మీదే. పుకారు ముందు పడగొట్టేది ఇక్కడి బల్లనే.

గుర్తుపెట్టుకోండి, స్టాక్ లేకపోవడం ఆగిపోవడం కాదు. మన దేశంలో అయితే అసలే కాదు. 2020లో పిల్లల ఆటబొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి పెంచారు. 2023లో 70 చేశారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరైంది. మన పెట్టె బొమ్మల లెక్కలోకి వెళ్తుందా, బోర్డు గేముల లెక్కలోకా అన్నది కస్టమ్స్ బల్ల దగ్గర తేలే సంగతి. ఇంత తలనొప్పి పెట్టుకుని తెప్పించేవాళ్లు కొద్దిమంది, అదీ అప్పుడప్పుడు. హైదరాబాద్ షాపులో షెల్ఫ్ ఖాళీగా ఉందంటే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు నాటింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీ మూసేశారని కాదు.

మరి దేనికి కంగారు పడాలి? ఎప్పుడూ వచ్చే రూల్స్ సవరణలు చాలాకాలం రాకపోతే. డిజైన్ చేసేవాళ్లను వేరే గేమ్ మీదికి మార్చితే. షాపులకు పంపే టోర్నమెంట్ బహుమతుల కిట్లు ఆగితే. కంపెనీయే "ఇదే ఆఖరి అవకాశం" అని బోర్డు పెడితే. ఒక వీడియోలో ఎవరో మొహం వేలాడదీసుకుని చెబితే కాదు.

సరే, కంపెనీ మాటలు చాలు. అసలు కంపెనీయే లేని ఆట ఒకటి చూద్దాం. పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు. ఇక్కడున్న పెద్దవాళ్లలో ఆడనివాళ్లు ఉండరు. రచ్చబండ రాయి మీద బొగ్గుతో గీసి, గులకరాళ్లతో ఆడేవాళ్లం. పాత గుళ్ల అరుగుల మీద చెక్కిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. దానికి ఓనర్ లేడు, లైసెన్స్ లేదు, ఎడిషన్ మార్చేవాడు లేడు. దాన్ని ఎవరూ ఆపలేరు. నిజమే. ఇప్పుడు ఈ గదిలో పదిహేనేళ్ల లోపు పిల్లలు చేతులెత్తండి. వీళ్లలో పులి-మేక వచ్చినవాళ్లు మాత్రం ఎత్తి ఉంచండి. (ఆగి) ఒక్కరు. అమ్మా, నీకు ఎవరు నేర్పారు? నాయనమ్మ. చూశారా?

ఏ కంపెనీ ఆపని ఆట కూడా ఈ గదిలో ఒక్క పాప దగ్గర మిగిలింది. ఓనర్ లేకపోతే గేమ్ చిరంజీవి అని కొందరు అంటుంటారు, నేను ఒప్పుకోను. రాయి ఉంది, గీతలున్నాయి, నేర్పే నాయనమ్మ లేకపోతే అవి ఉత్త గీతలే. అదే బ్లడ్ బౌల్‌ని కంపెనీ వదిలేసినా కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు ఉన్నారు కాబట్టి నడిచింది.

మన ఊళ్లలో గేమ్ ఎలా పోతుందో మీకూ తెలుసు. ఆరుగురు ఆడుతుంటారు. ఇద్దరికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది. పాలమూరుకు వలస కొత్త కాదు. ఒకప్పుడు మట్టి పనికి తట్టాపార పట్టుకుని పోయారు, ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని పోతున్నారు. ఒకడికి పెళ్లవుతుంది, ఆదివారాలు వాడి చేతిలో ఉండవు. (నవ్వులు) మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి ఎడిషన్ మీద గొడవ. అంతే, గేమ్ అయిపోయింది. కంపెనీ ఇంకా పెట్టెలు అమ్ముతూనే ఉంటుంది.

ఎడిషన్ గొడవ గురించి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అది మొదలైంది. కంపెనీ ఆపేశాక "ఇదే సరైన రూల్" అని చెప్పే పెద్దదిక్కు ఉండదు. ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుంటారు. వార్‌హామర్ ఫాంటసీ ఆగిన రోజుల్లో కొందరు ఎనిమిదో ఎడిషన్‌లోనే ఉండిపోయారు, కొందరు ఆరోదానికి వెనక్కి వెళ్లారు, కొందరు అభిమానులు రాసుకున్న నైన్త్ ఏజ్‌కి, ఇంకొందరు మాంటిక్ కంపెనీవాళ్ల కింగ్స్ ఆఫ్ వార్‌కి మారారు. ఎక్స్‌-వింగ్‌లోనూ అంతే. 2022 మార్పులు ఇష్టం లేనివాళ్లు పాత 200 పాయింట్ల పద్ధతిలోనే ఆగిపోయారు. లండన్‌లో వందమంది ఉంటే నాలుగు గుంపులైనా గుంపుకి పాతికమంది ఉంటారు. ఇక్కడ మనం నాలుగు గుంపులైతే గుంపుకి ఒకటిన్నర మనిషి. ఆ అర మనిషితో ఎవరు ఆడతారు?

అందుకని నాకు ఏది నచ్చుతుందో, నీకు ఏది నచ్చుతుందో పక్కన పెట్టి, ఈ ఏడాదికి ఈ ఊళ్లో ఒకటే రూల్‌బుక్ అనుకుందాం. వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఏదైనా ఆడుకోండి, ఎవరు వద్దన్నారు?

ఇంకొన్ని చేతి పనులు. కంపెనీ సైట్‌లో రూల్స్, పాయింట్ల పీడీఎఫ్‌లు ఉన్నప్పుడే దింపుకోండి. ఎక్స్‌-వింగ్ మొదటి ఎడిషన్‌లో పాయింట్లు కార్డు మీదే అచ్చేసేవాళ్లు. రెండోదానికి వచ్చేసరికి కార్డు మీంచి తీసేసి యాప్‌లో, పీడీఎఫ్‌లో పెట్టారు. మార్చుకోవడం తేలికని. కానీ ఆ ఫైలు పోతే కార్డు చేతిలో ఉన్నా దళం కట్టలేరు. జిరాక్స్ షాపులో ఒక కాపీ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించండి, కరెంటు పోయినా పనికొస్తుంది.

ఎక్స్‌-వింగ్ కొలత ముక్కలు అరిగిపోయాయని, పోయాయని బాధపడేవాళ్లకు: షీల్డులు, నేమ్‌ప్లేట్లు చేసే షాపులో యాక్రిలిక్ కోసే మెషీన్ ఉంటుంది. రేంజ్ కొలబద్ద 300 మిల్లీమీటర్లు, వందకొక గీత. చిన్న ఓడ బేస్ 40, మధ్యది 60, పెద్దది 80. వంపు ముక్కలకు మాత్రం అసలు ముక్కను పట్టుకెళ్లి దాని మీదే గీయించండి, ఫోన్‌లో ఫొటో చూపించి చేయించకండి. ఓడ కింద ఉండే సన్నటి ప్లాస్టిక్ పుల్లలు విరుగుతాయి, అందరికీ విరుగుతాయి. విరిగిన ముక్క లోపల ఇరుక్కుంటే వేడి సూదితో లాగొచ్చు, ఓపికుండాలి.

మ్యాట్ కోసం విదేశాల నుంచి తెప్పించక్కర్లేదు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టేచోట మూడడుగుల చదరంలో నక్షత్రాలు కొట్టించుకోండి. మెరవని రకం కావాలని అడగండి, లేదంటే లైటు పడి కళ్లు పోతాయి. షాపతను నాయకుడి ఫొటో ఎక్కడ పెట్టాలని అడుగుతాడు. వద్దని గట్టిగా చెప్పండి. (నవ్వులు)

బొమ్మలు దాచడానికి బేస్ కింద చిన్న అయస్కాంతం అతికించి, ఇనుప ట్రంకు పెట్టెలో నిలబెట్టండి. బస్సు కుదుపులకు కూడా కదలవు. కానీ ఎండాకాలం ఆ పెట్టెను రేకుల షెడ్డులో, కారు డిక్కీలో వదిలేయకండి. మన ఎండకు రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన బొమ్మల కత్తులు, ఈటెలు వంగిపోతాయి. వంగితే వేడి నీళ్లలో కాసేపు ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, చల్లటి నీళ్లలో పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉమ్మడి డబ్బా. ఇంట్లో ఎక్కువైన ఓడలు, ఆడని బొమ్మలు తలా ఒకటో రెండో ఈ డబ్బాలో వేద్దాం. టెన్త్ పిల్లాడు వచ్చి ఆడతానంటే "ముందు స్టార్టర్ సెట్ కొనుక్కో" అనే మాట మనం అనకూడదు. ఆగిపోయిన గేమ్‌కి స్టార్టర్ సెట్ ఎక్కడ దొరుకుతుంది? మన డబ్బాయే వాడి స్టార్టర్ సెట్. భయంతో నాలుగు పెట్టెలు ఎక్కువ కొని సీలు తీయకుండా బీరువాలో పెట్టుకునేవాళ్లున్నారు. అవి బీరువాలో ఉన్నంతకాలం గేమ్‌కి వాటివల్ల ఉపయోగం లేదు. ధర పెరిగాక అమ్ముకుంటారేమో, అది వ్యాపారం. తప్పని అనను, కానీ గేమ్‌ని కాపాడుతున్నానని మాత్రం చెప్పుకోకండి.

ప్రశ్నలుంటే అడగండి.

(జడ్చర్ల నుంచి వచ్చిన ఒక మిత్రుడు: అన్నా, త్రీడీ ప్రింటర్ ఉంటే ఇగ కంపెనీతో పనేముంది? అన్ని మనమే చేసుకోవచ్చు గదా?)

కొంతవరకే తమ్ముడూ. గేమ్ ఆడే పద్ధతి, అంటే డయల్ తిప్పడం, పాచికలు వేసి దెబ్బ చూడటం, ఇలాంటి ఆలోచన మీద కాపీరైట్ ఉండదు. ఒక నాటకానికీ ఒక హిందీ సినిమాకీ మధ్య వచ్చిన కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని తేల్చింది. కాబట్టి రూల్స్‌ని నీ మాటల్లో తెలుగులో రాసుకుంటే ఇబ్బంది లేదు. నేను కోరేది కూడా అదే, ఎవరైనా రాయండి. కానీ వాళ్ల పుస్తకంలో వాక్యాలు, బొమ్మలు, శిల్పం చెక్కిన తీరు వాళ్లవి. అసలు బొమ్మను స్కాన్ చేసి ప్రింట్లు తీసి అమ్మకానికి పెడితే అది దొంగ సరుకే. ఆ పని ఈ డబ్బా పేరు మీద ఎవరూ చేయొద్దు. సొంతంగా డిజైన్ చేసినవి, డిజైనర్ దగ్గర ఫైలు కొని ప్రింట్ చేసుకున్నవి తెచ్చుకోండి, మన బల్ల మీద చెల్లుతాయి. ఇంకోటి, రెజిన్ ప్రింటర్‌ని పడకగదిలో పెట్టకు. ఆ వాసన మంచిది కాదు. గట్టిపడని రెజిన్ చేతికి అంటకూడదు, గ్లవ్స్ తప్పదు.

(నల్లగొండ మిత్రుడు: మేమిద్దరమే ఉన్నం సార్. ఇద్దరితోని గేమ్ నిలబడ్తదా?)

ఇద్దరుంటే ఈ వారానికి సరిపోతుంది. మూడోవాడిని వెతకండి. పక్కింటి పిల్లాడైనా సరే, మీ చెల్లెలైనా సరే. అసలు చెల్లెళ్లను ఎవరూ అడగరు, ఆ సంగతి వేరే మాట్లాడుకోవాలి. ఉమ్మడి డబ్బాలోంచి నాలుగు ఓడలు ఇవాళ పట్టుకెళ్లండి, దసరాకి తిరిగివ్వండి. దసరా సెలవులకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లంతా ఊరికి వస్తారు కాబట్టి అప్పుడు ఒక రోజంతా ఆడదాం. పండగ రోజు కాదు, మరునాడు. పండగ రోజు పెడితే ఇళ్లలో మన బొమ్మలు జమ్మి చెట్టు కింద పాతేస్తారు. (నవ్వులు)

(ఒక తండ్రి: సార్, మా వాడు ఇప్పటికే చాలా డబ్బులు పెట్టిండు. గేమ్ ఆగితే అదంత పోయినట్టేనా?)

అమ్ముకుంటే ఎంతొస్తుందనే లెక్క అయితే, చెప్పలేనండి. ఒక్కోసారి ఆగిన గేమ్ ధర పెరుగుతుంది, ఒక్కోసారి ఎవరూ అడగరు. పెట్టుబడిగా చూస్తే ఇది చెడ్డ పెట్టుబడి, నేనే చెబుతున్నా. ఆడటానికి కొన్నాడనుకుంటే, ఓడలు ఇవాళ ఉన్నట్టే రేపూ ఉంటాయి. మీ వాడిని కొత్తవి కొనకుండా ఒక ఏడాది ఉన్నవాటితో ఆడమనండి. నిజానికి మనందరికీ అదే చెప్పాలి. మీరు కూడా ఒక ఆట ఆడి వెళ్లండి సార్, ఆ కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. మీ వాడే నేర్పుతాడు.

ఇంకేమైనా? సరే. అయితే రూల్‌బుక్ సంగతి ఇప్పుడే తేల్చేద్దాం, మళ్లీ బయటికెళ్లి టీ కొట్టు దగ్గర కొట్టుకోకుండా. దసరా దాకా ఎక్స్‌-వింగ్‌కి ఒకటే పద్ధతి. ఓడిపోయినవాళ్లు అలగకూడదు, పండగ తర్వాత మళ్లీ అడుగుతాం. ముందు పాత 200 పాయింట్ల పద్ధతి కావాలన్నవాళ్లు చేతులెత్తండి. తమ్ముడూ, నువ్వు లెక్కపెట్టు. రెండు చేతులెత్తినవాళ్లను ఒకటే లెక్కేసుకో.